మనసు తక్కెడ

ఆడ ముద్దాయి తల మగవాళ్ళు ముట్టుకోకూడదని రూలు. అందుకని పోలీసులు ఆడవాళ్ళనెవరినైనా ప్రయోగశాలకు తీసుకొచ్చినప్పుడు దక్షిణామూర్తి తన భార్యకు ఫోన్ చేస్తాడు. "నీరజా, ఒకర్ని తెచ్చారు. వచ్చి జుట్టు చూడు" అంటాడు. జుట్టు చూడటమంటే జడ విప్పి, పాయలు తీసి, మాడు కనిపించిన చోటల్లా రూపాయి బిళ్ళంత లోహపు బొత్తాలు అతికించడం. ఆ బొత్తాలన్నీ ఒక టోపీకి, టోపీ ఒక యంత్రానికి కలిసి ఉంటాయి. నీరజ కాలేజీలో శరీరధర్మశాస్త్రం చెప్తుంది. డాక్టరేటు సగం దాకా వచ్చి మానేసింది. ఆ మానేసిన సగంలోంచే ఈ యంత్రం పుట్టిందన్న సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. అందులో ఒకరు మర్చిపోయారు.

ఆ రోజు తెచ్చిన మనిషి పేరు సత్యవేణి. తాళ్ళరేవు దగ్గర ఇడ్లీ బండి నడుపుకుంటుంది. ఆమె మొగుడు నూకరాజు రొయ్యల చెరువుకి కాపలాదారు. తాగి ఉన్నాడు, చెరువులో పడ్డాడు, పోయాడు. ఇదివరకైతే ప్రమాదమని రాసి పంపేసేవాళ్ళు. ఇప్పుడు యంత్రం ఉంది కదా, ఎవరైనా పోతే ఇంట్లోవాళ్ళకి ఒకసారి టోపీ పెట్టి చూడటం పోలీసులకు అలవాటైపోయింది.

"జుట్టుకి నూనె లేదేమిటి?" అంది నీరజ చిక్కు తీస్తూ.

"లాకప్పులో నూనెవరిత్తారండీ" అంది సత్యవేణి. తర్వాత భయంగా టోపీ వైపు చూసి, "ఇది పెడితే నొప్పెడతాదాండి?" అని అడిగింది.

"నొప్పేం ఉండదు. మీ ఆయన ఫోటో చూపిస్తారు. ఆయన్ని చంపాలని నువ్వెప్పుడైనా గట్టిగా అనుకుని ఉంటే అదిగో, ఆ తెర మీద గీత లేస్తుంది."

సత్యవేణి తెర వంక చూసింది. చూసి నవ్వేసింది.

"దానికింత మిషనెందుకండీ? నన్నడిగితే చెప్పేద్దును. అనుకున్నానండి. రోజూ అనుకునేదాన్ని. అనుకున్నయ్యన్నీ జరిగితే ఈపాటికి మా బండి హోటలయిపోను."

నీరజ చెయ్యి ఆగింది. అడగకూడదని తెలిసీ అడిగింది. "మరి చంపావా?"

"చంపేదాన్నే అయితే ఇన్నేళ్ళు అనుకుంటా కూకుంటానాండి? ఆయన పడ్డ టయానికి నేను పక్కింటి సుబ్బులు గారింట్లో పిండి రుబ్బుతున్నాను. మా గ్రైండరు పాడైపోయింది. ఆవిణ్ణి అడగండి బాబూ అని ఎస్సై గారికి మొత్తుకున్నాను. ముందు టోపీ పెట్టించుకురా, అదంతా తరవాత చూద్దాం అన్నారు."

అంతలో దక్షిణామూర్తి లోపలికొచ్చాడు. ముద్దాయి మొహం చూడలేదు, భార్య మొహమూ చూడలేదు. తెర ముందు కూర్చుని మీట నొక్కాడు. నూకరాజు ఫోటో వచ్చింది, మీసం మెలేసి, ఎవరి పెళ్ళిలోనో తీయించుకున్నది. గీత ఒక్క ఊపున లేచి, హద్దుగా వేసిన ఎర్రగీత దాటి, తెర అంచును తాకింది.

"శభాష్" అన్నాడు దక్షిణామూర్తి. ఎవర్ని మెచ్చుకున్నాడో గదిలో ఎవరికీ అర్థం కాలేదు. బహుశా తననే.

ఇంటికొచ్చాక భోజనం దగ్గర ఆయనకు ఉత్సాహం ఆగలేదు. నీరజ వడ్డిస్తోంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో పద్ధతి అదే. ఆయన తిని లేచాక చల్లారింది ఆమె తింటుంది. తినొద్దని ఆయన ఎప్పుడూ అనలేదు. కలిసి తిందామనీ ఎప్పుడూ అనలేదు.

"హత్య కేసులో అన్నిటికన్నా కష్టమేమిటో తెలుసా? ఉద్దేశం నిరూపించడం. చంపాలనే చంపాడా, చెయ్యి జారిందా? వందల ఏళ్ళుగా ప్లీడర్లు దీని మీదే బతికారు. మనసులో ఏముందో ఎవడు చూశాడు అనేవాళ్ళు. ఇప్పుడు నేను చూస్తున్నాను." ఆయన వేలు పైకెత్తాడు. వేలికి పప్పు అంటుకుని ఉంది. "మనిషి ఒక పని చెయ్యాలని గట్టిగా తలచినప్పుడు, చెయ్యి కదలక ముందే మెదడులో ఒక అల లేస్తుంది. అల పోయినా దాని మరక ఉండిపోతుంది. ఆ మనిషి ఫోటో చూపిస్తే మరక మళ్ళీ మేలుకుంటుంది."

ఆ మాటలు నీరజవి. మరక అన్న మాటతో సహా. పాతికేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర ఆమె ఆయనకి చెప్పింది.

"మరి చెయ్యి సంగతేమిటి?" అంది.

"ఏ చెయ్యి?"

"తోసిన చెయ్యి. ఆ అమ్మాయే తోసిందని ఎవరైనా చూశారా?"

ఆయన జాలిగా నవ్వాడు. క్లాసులో వెనక బెంచీ వాళ్ళని చూసి నవ్వే నవ్వు అది. "మనసుండగా చెయ్యి ఎక్కడికి పోతుంది నీరజా? కాస్త పెరుగు వెయ్యి."

నీరజ పెరుగు వేసింది.

ఆమెకు ఆ టోపీ రుచి తెలుసు. యంత్రం కొత్తగా తయారైన రోజుల్లో, ఏ ఉద్దేశమూ లేని శుభ్రమైన మనసు ఎలా ఉంటుందో చూసి, దాన్నిబట్టి ఎర్రగీత ఎక్కడ గియ్యాలో నిర్ణయించాల్సి వచ్చింది. హాస్టల్లో ఉండే పరిశోధక విద్యార్థుల్ని కూర్చోబెట్టి వాళ్ళ తల్లుల ఫోటోలు చూపించారు. గీతలన్నీ పడుకునే ఉన్నాయి. వేళకి అన్నం వచ్చే పిల్లలు, తల్లుల మీద వాళ్ళకేం కోపం? ఒక ఆడమనిషి కూడా ఉంటే బాగుంటుందని ఎవరో అంటే, దక్షిణామూర్తి భార్యను కూర్చోబెట్టాడు. ఏ ఫోటో చూపించాలి? ఏ ఇల్లాలూ చెడు తలవని మనిషి ఎవరు? ఆయనకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. తన ఫోటోయే పెట్టాడు.

గీత తెర అంచుకి తగిలింది.

విద్యార్థులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దక్షిణామూర్తి యంత్రం వెనక్కెళ్ళి తీగలు కదిపాడు, మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే. చివరికి తల పంకించి, "కొబ్బరినూనె. ఆడవాళ్ళ జుట్టు నూనె వల్ల బొత్తాలు సరిగా అంటుకోవడం లేదు. ఈ లెక్క తీసేయండి" అన్నాడు. ఆ పొద్దున్న నీరజ కుంకుడుకాయతో తలంటుకుని వచ్చింది. జుట్టు చివర్ల నుంచి నీళ్ళు కారి జాకెట్టు వీపంతా తడిసి ఉంది. ఆయన ఆమె వెనకే నిలబడి కూడా చూడలేదు.

ఆమె మాత్రం ఏమంటుంది? యంత్రం బాగానే ఉందండీ, నిజమే చెప్తోంది అనాలా?

ఆ మరక ఎక్కడిదో ఆమెకు తెలుసు. ఒక ముసురు సాయంత్రం డాబా మీద నీళ్ళ ట్యాంకు పొంగుతుంటే ఆయన పిట్టగోడ ఎక్కి, వంగి, పైపు చూస్తున్నాడు. ఆ వారమే ఆయన వ్యాసం అచ్చయి వచ్చింది. అందులో ఆమె పేరు లేదు. వెనక నిలబడి టార్చి పట్టుకుని ఉంది నీరజ. ఒక్క తోపు చాలు. ఆ ఆలోచన ఎంత స్పష్టంగా వచ్చిందంటే అరచేతులు వెచ్చబడ్డాయి. అంతలోనే ఆమె నోరు, "జాగ్రత్తండీ, అంచు తడిగా ఉంది" అంది. ఆయన దిగాడు. వేడివేడిగా కాఫీ అడిగాడు. ఇచ్చింది.

యంత్రానికి మరక కనిపిస్తుంది. జాగ్రత్తండీ అన్న మాట కనిపించదు.

కేసు సెషన్సు కోర్టుకొచ్చింది. సత్యవేణి తరఫున వాదిస్తున్నది సాల్మన్ రాజు గారు. పెద్దాయన. యంత్రం వచ్చాక వరుసగా ఓడిపోతూ వస్తున్నాడు. నీరజ సెలవు పెట్టి, భర్తతో కలిసి కారులో వచ్చి, వెనక బెంచీలో కూర్చుంది. తన యంత్రాన్ని కోర్టులో చూడటానికి భార్య వచ్చిందని దక్షిణామూర్తి మురిసిపోయాడు.

ముందు ఎస్సైని బోనులో నిలబెట్టారు.

"ఏవండీ ఎస్సై గారూ, చెరువు గట్టు చూశారా?" అన్నాడు సాల్మన్ రాజు.

"ఫోటోలో చూశానండి."

"గట్టు మీద కాలి గుర్తులేమన్నా ఉన్నాయా?"

"అవసరం రాలేదండి. అప్పటికే యంత్రం రిపోర్టు వచ్చేసింది."

"ఆ టైముకి ముద్దాయి పక్కింట్లో పిండి రుబ్బుతోందని చెప్పిందా లేదా?"

"చెప్పిందండి."

"మరి ఆ పక్కింటావిణ్ణి అడిగారా?"

"అడుగుదామనుకున్నామండి. ఈలోగా ఆవిడ మస్కట్ వెళ్ళిపోయిందండి, వంటపనికి."

"అనుకున్నారన్నమాట. మీక్కూడా ఓసారి ఆ టోపీ పెట్టి చూద్దామా, నిజంగా అనుకున్నారో లేదో?"

హాల్లో నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు. ఆయనకు యంత్రం మీద గురి. తీర్పులు త్వరగా రాసుకోవచ్చు.

తర్వాత దక్షిణామూర్తి బోనెక్కాడు. కొత్త కోటు. ప్రాసిక్యూటరు చక్రధర్ గారు దక్షిణామూర్తి బొమ్మ అట్ట మీద వేసిన పుస్తకమొకటి జడ్జి గారికి అందించాడు, యంత్రం గురించి ప్రభుత్వం వేయించింది. ఆనవాయితీ ప్రకారం యంత్రాన్ని కోర్టులోకే తెచ్చారు. లేడీ కానిస్టేబులు సత్యవేణికి టోపీ పెట్టింది. గీత మళ్ళీ అంచుకి తగిలింది. సత్యవేణి తల దించుకోలేదు. ఆ గీత తనకు కొత్తదేమీ కాదన్నట్టు చూసింది.

"హత్య అనడానికి మూడు కావాలండీ" అన్నాడు సాల్మన్ రాజు. "ఒక మనిషి చావాలి. ఆ చావు ముద్దాయి చేతి మీదుగా రావాలి. ఆ చేతి వెనక చంపాలన్న మనసుండాలి. మూడూ దేనికది రుజువవ్వాలి. చావు ఉంది, ఒప్పుకుంటాను. మనసు మీరు చూపించారు. మధ్యలో చెయ్యేదండి డాక్టరు గారూ?"

"ఎర్రగీత దాటేటంత గట్టిగా తలచిన మనిషి ఆ పని చేసి తీరతాడు. అది శాస్త్రం."

"తలచి కూడా చెయ్యకుండా ఉండిపోయినవాళ్ళు?"

"నా ప్రయోగాల్లో అలాంటివాళ్ళు ఒక్కరు కూడా లేరు."

"ప్రమాణం చేసి చెప్తున్నారు."

"చెప్తున్నాను."

ఒక్కరు కూడా లేరు. వెనక బెంచీలో నీరజకు చెవులు వేడెక్కాయి. తీసేయండి అన్నాడు, అంతే, ఆమె లేకుండా పోయింది. వ్యాసంలోంచి పోయినట్టే ప్రయోగంలోంచి కూడా. దానికి ఆమె అలవాటు పడింది. కానీ ఆమె లేని ఖాళీలోకి ఇప్పుడు ఇంకో మనిషిని బతుకంతా తోసెయ్యబోతున్నారు.

భోజనాల విరామంలో ఆమె కోర్టు క్యాంటీను వెనక సాల్మన్ రాజుని పట్టుకుని జరిగింది చెప్పింది. ఆయన టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

"అమ్మా, ఆలోచించుకోండి. టోపీ పెట్టుకుంటే రేపు పేపర్లో మీ పేరే పడుతుంది. మొగుణ్ణి చంపాలనుకున్న లెక్చరరు అని రాస్తారు. మీ స్టూడెంట్లు చదువుతారు. మీ ఇల్లేమవుతుంది?"

"ఆ అమ్మాయికి ఏం శిక్ష పడుతుంది?"

"యావజ్జీవం."

 ఇన్నేళ్ళలో ఆ మరక పోయి ఉంటుందేమో, గీత లేవదేమో అని ఒక ఆశ, లేవకపోతే సత్యవేణి పోతుందని ఒక భయం, రెండూ ఒకేసారి నీరజకు కలిగాయి. "రేపు తలంటుకుని వస్తాను" అంది.

మర్నాడు సాల్మన్ రాజు ఆమెను సాక్షిగా పిలిచేసరికి దక్షిణామూర్తి యంత్రం పక్కన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. చక్రధర్ లేచి, భార్యాభర్తల మధ్య నడిచిన మాటలు కోర్టులో చెప్పించకూడదన్నాడు.

"మాటలొద్దండి" అన్నాడు సాల్మన్ రాజు. "తల ఒక్కటి చాలు. ఆ యంత్రం మీ సాక్ష్యమే కదా, పరీక్షించుకునే హక్కు మాకుంది."

జడ్జి గారు కళ్ళజోడు సర్దుకుని, కానివ్వమన్నారు.

లేడీ కానిస్టేబులుకి పాయలు తీయడం చేతకాలేదు. నీరజే తన జుట్టు తను విప్పుకుని, వేళ్ళతో పాయలు తీసి, బొత్తాలు ఎక్కడెక్కడ పెట్టాలో చూపించింది. ఫోటో కావాల్సి వస్తే, సాల్మన్ రాజు ప్రాసిక్యూటరు గారి పుస్తకమే అడిగి తీసుకుని, అట్ట ఆమె కళ్ళ ముందు పెట్టాడు. కోటు వేసుకుని, చేతులు కట్టుకుని, దక్షిణామూర్తి చిరునవ్వు నవ్వుతున్నాడు.

గీత లేచింది. ఎర్రగీత దాటింది. సత్యవేణి గీతలాగే అంచుకి తగిలి, ఇంక పోవడానికి చోటు లేక అక్కడే వణుకుతూ నిలబడింది.

హాల్లో ఎవరూ నవ్వలేదు. మొదట గొంతు పెగిలింది దక్షిణామూర్తికే. "నూనె! అయ్యా, ఇది కొబ్బరినూనె వల్ల వచ్చే దోషం. ఆడవాళ్ళ జుట్టుతో ఎప్పుడూ ఇదే..."

"నూనె లేదండీ" అంది లేడీ కానిస్టేబులు వేళ్ళు వాసన చూసుకుని. "కుంకుడుకాయండి. తల తడారలేదింకా."

"నిన్న ముద్దాయి కూడా ఆడదే కదండీ డాక్టరు గారూ" అన్నాడు సాల్మన్ రాజు మెల్లగా. "నిన్న రాని దోషం ఇవాళ ఎందుకొచ్చింది?"

దక్షిణామూర్తి యంత్రం తీగలు కదపబోయాడు. జడ్జి గారు చాలాసేపు ఆయన వంకే చూశారు.

"డాక్టరు గారూ, మీ ఆరోగ్యమెలా ఉంది?"

"బాగానే ఉందండి."

"పొద్దున్న ఏం తిన్నారు?"

"పెసరట్టండి."

"ఎవరు వేశారు?"

అప్పుడు నవ్వారు. చక్రధర్ కూడా కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సాల్మన్ రాజు మాత్రం నవ్వకుండా, "మనసు రుజువైందండి. చావు ఏదండి? చెయ్యి ఏదండి?" అని కూర్చున్నాడు.

టోపీ తీయించుకుని వెళ్తూ నీరజ ముద్దాయి బోను పక్కనుంచి నడిచింది. సత్యవేణి బోను మీదకు వంగి, "అమ్మా, మీరు కూడానాండీ?" అంది గుసగుసగా.

"రోజూ కాదులే" అంది నీరజ.

తీర్పు చెప్పడానికి జడ్జి గారు వారం తీసుకున్నారు. ఈసారి త్వరగా రాయడం కుదరలేదు. చంపాలన్న తలపు ఉన్నంత మాత్రాన చంపినట్టు కాదని, నేరానికి కావలసిన ప్రతి అంశాన్నీ ప్రాసిక్యూషను విడివిడిగా రుజువు చెయ్యాలని, ఒకటి దొరికింది కాబట్టి మిగతావి ఉన్నట్టే అనుకోవడం సోమరితనమని రాశారు. తాను అలా అనుకుని ఇచ్చిన పాత తీర్పుల గురించి మాత్రం ఏమీ రాయలేదు. సత్యవేణి ఆ సాయంత్రమే బస్సెక్కి తాళ్ళరేవు వెళ్ళిపోయింది. వెళ్తూ నీరజను టిఫినుకి రమ్మని పిలిచింది.

సాల్మన్ రాజు చెప్పినట్టే పేపర్లో పడింది. కాలేజీ స్టాఫ్‌రూములో మగ లెక్చరర్లు నీరజను చూసి మాటలు ఆపేయడం మొదలెట్టారు. ఆడవాళ్ళు మాత్రం, అంతకుముందెప్పుడూ లేనిది, ఆమె పక్క కుర్చీ కోసం పోటీ పడ్డారు.

తీర్పు రాని ఆ వారమంతా దక్షిణామూర్తి ఇంటికి రాలేదు. ప్రయోగశాల గెస్ట్‌హౌస్‌లో దిగాడు. ఆయన ఎవరో వెలివేసినట్టు బిగుసుకుని ఉన్నాడని, తీర్పు రాకముందే పై కోర్టుకి నూనె సిద్ధాంతం రాస్తున్నాడని విద్యార్థులు చెప్పుకున్నారు. నీరజ ఎదురుచూడనూ లేదు, రావద్దని కబురూ చెయ్యలేదు. ఎనిమిదో రోజు ఆయనే వచ్చాడు. పశ్చాత్తాపంతో కాదు. హోటలు తిండి పడక.

నీరజ గుత్తివంకాయ వండింది. ఎప్పటిలాగే కంచం పెట్టి, అన్నం వడ్డించి, కూర వేసి, నెయ్యి వేసింది. దక్షిణామూర్తి కుర్చీలో కూర్చున్నాడు. కలపబోయి ఆగిపోయాడు. వంకాయ వంక చూశాడు, నెయ్యి వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆమె మొహాన్ని అంతసేపు చూడటం అదే.

"నువ్వు..." అన్నాడు.  "ముందు నువ్వో ముద్ద తిను."

నీరజకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వస్తుందనుకుంది. రాలేదు. ఆ నూనె, ఆ సిద్ధాంతం అన్నీ పై కోర్టుకి. ఇక్కడ, ఈ కంచం ముందు మాత్రం, తన యంత్రం నిజమే చెప్తుందని ఆయన నమ్ముతున్నాడు.

ఆమె ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. కంచం తన వైపు జరుపుకుంది. ఒక ముద్ద కలిపి తింది. ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆమె రెండో ముద్ద కలిపింది, మూడోది కలిపింది. అన్నం పొగలు కక్కుతోంది. కారం నాలుకకి తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను వండిన కూర వేడిగా ఉన్నప్పుడు ఇలా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

"చాలు, చాలు. నమ్మకం కుదిరింది. ఇటివ్వు" అన్నాడు దక్షిణామూర్తి.

"ఇది నాది" అంది నీరజ. "గిన్నెలో ఇంకా ఉంది. పెట్టుకోండి."

ఆమె లేచి వడ్డిస్తుందేమోనని ఆయన చూశాడు. ఆమె తింటూనే ఉంది. చివరికి ఆయనే లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఒక అలమార తెరిచిన చప్పుడైంది, అందులో డబ్బాలు. ఇంకొకటి తెరిచాడు, అందులో కాఫీ కప్పులు. మూడోది తెరిచి, మూసేశాడు.

"నీరజా" అని పిలిచాడు లోపల్నుంచి. "కంచాలు ఎక్కడుంటాయి?"

నీరజ ఇంకో వంకాయ తుంచుకుంది.